టెక్ సందేహాలు: నాబ్ తిప్పగానే వాల్యూమ్ ఎగిరిపడుతోందేం?

ప్రశ్న: ఎనిమిది నాబ్‌లున్న చిన్న మిడి (వాద్యాలు, కంప్యూటర్లు సందేశాలు పంపుకునే పద్ధతి) కీబోర్డు కొన్నాను. దాంతో ఏబుల్టన్ లైవ్ లైట్ అనే సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వచ్చింది. నా లాప్‌టాప్‌లో కీస్ పలుకుతున్నాయి గానీ నాబ్‌లు తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. స్నేహితుడి కంప్యూటర్లో నాబ్‌లు పనిచేశాయి. కానీ కాస్త కదిపితే చాలు, వాల్యూమ్ ఒక్కసారిగా ఎక్కడికో పోతోంది. కీబోర్డు మార్చుకోవాలా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: అక్కర్లేదండీ, మీ కీబోర్డుకేమీ కాలేదు. అసలు ఆ నాబ్‌కి వాల్యూమ్ అంటే ఏమిటో తెలియదు. తిప్పినప్పుడల్లా ‘ఫలానా ఛానెల్, ఫలానా కంట్రోల్ నంబరు, విలువ ఇంత’ అని చిన్న సందేశం పంపి ఊరుకుంటుంది. ఆ విలువ 0 నుంచి 127 దాకా ఉంటుంది. 1983లో మిడి వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. దాన్ని దేనికి తగిలించాలన్నది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

ముందు మీ లాప్‌టాప్ సంగతి. లైవ్ సెట్టింగ్స్‌లో మిడి పేజీకి వెళ్తే మీ కీబోర్డు ఇన్‌పుట్ ఎదురుగా ‘ట్రాక్’, ‘రిమోట్’ అని స్విచ్‌లుంటాయి. ట్రాక్ ఆన్‌లో ఉంటే స్వరాలు పలుకుతాయి. నాబ్‌లతో సాఫ్ట్‌వేర్‌ని నడపాలంటే రిమోట్ కూడా ఆన్ చేయాలి. మీ దగ్గర అదే ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ఆన్ చేశాక కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కండి (మ్యాక్‌లో అయితే కమాండ్, ఎమ్). తగిలించడానికి వీలున్నవన్నీ నీలం రంగులోకి మారతాయి. ట్రాక్ వాల్యూమ్ మీద క్లిక్ చేసి, నాబ్‌ని కాస్త తిప్పండి. దాని పక్కనే ఛానెల్, కంట్రోల్ నంబర్లు కనిపిస్తే పని అయినట్టే. మళ్లీ అవే కీస్ నొక్కి బయటికి రండి.

ఇక ఎగిరిపడడం. తెర మీద వాల్యూమ్ పైన ఉంది, చేతి కింద నాబ్ 20 దగ్గర ఉంది అనుకోండి. మీరు కదపగానే అది 21 పంపుతుంది, లైవ్ దాన్ని నమ్మి ధబీమని కిందికి దించేస్తుంది. అదే మిడి పేజీలో ‘టేకోవర్ మోడ్’ని ‘పికప్’కి మార్చండి. నాబ్ తెర మీది విలువను దాటేదాకా లైవ్ పట్టించుకోదు. ‘వాల్యూ స్కేలింగ్’ పెడితే రెండూ మెల్లగా కలుస్తాయి. స్టేజీ మీద వాయించేవాళ్లకి నా ఓటు పికప్‌కే.

ఇంకో మాట. లైవ్‌లో ట్రాక్ ఫేడర్ (వాల్యూమ్‌ని పెంచే, తగ్గించే మీట) 6 డెసిబెల్స్ దాకా పైకి పోతుంది. మ్యాపింగ్ మోడ్‌లో (ఇందాక కంట్రోల్, ఎమ్ నొక్కితే వచ్చిందే) ఎడమ పక్క వచ్చే పట్టికలో ‘మ్యాక్స్’ గడిని 0 డెసిబెల్స్‌కి తగ్గిస్తే, నాబ్‌ని చివరిదాకా తిప్పినా హద్దు దాటదు. ఈ మ్యాపింగ్ ఆ ప్రాజెక్టు ఫైలుతోనే సేవ్ అవుతుంది కాబట్టి, ఖాళీ ప్రాజెక్టులో ఒకసారి చేసి టెంప్లేట్‌గా దాచుకోండి.

నాబ్‌ల కంట్రోల్ నంబర్లు మీరే మార్చుకునేటట్టయితే 1, 7, 10, 64 జోలికి పోకండి. అవి మాడ్యులేషన్, వాల్యూమ్, ప్యాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపేది), సస్టెయిన్ పెడల్‌కి (స్వరాన్ని సాగదీసేది) ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నవి. పొరపాటున 64 ఇచ్చారో, నాబ్ సగం దాటి తిప్పగానే స్వరాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. 20 నుంచి 31 దాకా ఏ పనికీ కేటాయించలేదు, అవి వాడుకోండి.

ప్రశ్న: రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ యాక్షన్‌ని (రికార్డింగ్ మొదలుపెట్టే ఆదేశాన్ని) కంట్రోలర్ (నాబ్‌లు, బటన్లు ఉండే మిడి పరికరం) బటన్‌కి పెట్టాను. ఒకసారి నొక్కితే పనిచేస్తుంది, మరుసారి చేయదు, మళ్లీ చేస్తుంది. (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: మీ బటన్ ‘టోగుల్’లో ఉన్నట్టుంది. మొదటి నొక్కుడుకి 127, రెండోదానికి 0 పంపుతుంది. రీపర్ ఆ 0ని నొక్కినట్టు లెక్కేసుకోదు. కంట్రోలర్ కంపెనీ ఇచ్చే ఎడిటర్ తెరిచి ఆ బటన్‌ని ‘మొమెంటరీ’కి మార్చండి, ప్రతి నొక్కుడుకీ 127 వెళ్తుంది. ఎడిటర్ కంట్రోలర్‌ని గుర్తించకపోతే ముందు రీపర్‌ని మూసేయండి. విండోస్‌లో చాలా డ్రైవర్లు ఒకేసారి ఒక్క ప్రోగ్రామ్‌కే చోటిస్తాయి.

ప్రశ్న: మిక్స్ (Mixxx) అనే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్‌లో లెర్నింగ్ విజార్డ్‌తో బటన్లన్నీ నేర్పించాను. పనిచేస్తున్నాయి గానీ లైట్లు వెలగవు.

జవాబు: ఆ విజార్డ్ మీ చేతి నుంచి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లే దారి మాత్రమే వేస్తుంది. లైట్లకి ఎదురుదారి కావాలి. ప్రిఫరెన్సెస్‌లో మీ కంట్రోలర్ పేజీ తెరిస్తే ‘అవుట్‌పుట్ మ్యాపింగ్స్’ అని ఉంటుంది, అక్కడ విడిగా రాయాలి. అంత ఓపిక లేకపోతే, మీ మోడల్‌కి రెడీమేడ్ మ్యాపింగ్ ఉందేమో ముందు అదే పేజీలోని జాబితాలో చూడండి.