పక్క స్థలంలో ఏం రాబోతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా వీధంతా ఇళ్లే. చివరనున్న ఖాళీ స్థలాన్ని నివాస జోన్ నుంచి వాణిజ్య జోన్‌కి మారుస్తున్నట్టు పేపర్లో ప్రకటన పడిందట. ఇరుగుపొరుగుకి నోటీసు ఇవ్వక్కర్లేదా? అభ్యంతరం ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, విద్యానగర్, గుంటూరు

జవాబు: ఇంటింటికీ వచ్చి చెప్పరమ్మా. గెజిట్లో, పత్రికల్లో ప్రకటిస్తే అందరికీ చెప్పినట్టే లెక్క. ఇది మాకూ న్యాయంగా అనిపించదు గానీ, ఉన్న పద్ధతి అదే.

కట్టబోయేది మాస్టర్ ప్లాన్‌లోని (ఊళ్లో ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే ప్రణాళిక) జోన్‌కి తగ్గ భవనమైతే ప్లాన్ మంజూరుకి చుట్టుపక్కల వాళ్ల అభ్యంతరాలు పిలవరు. జోన్‌నే మార్చాలంటే మాత్రం ముందు ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడగాలి. మీది ఈ రెండో రకం. గడువు మామూలుగా 15 రోజులు. పేపర్ మీ కంటపడిన రోజు నుంచి కాదు, గెజిట్లో అచ్చయిన తేదీ నుంచి లెక్కపెడతారు. ఆలోగా ఉత్తరం అక్కడికి చేరాలి. పద్నాలుగో రోజున పోస్టులో వేసి నిశ్చింతగా కూర్చుంటే అది లెక్కలోకి రాకపోవచ్చు.

కాబట్టి ఈరోజే ఈ-గెజిట్ సైట్లో నోటిఫికేషన్ వెతికి ప్రింటు తీసుకోండి. కింద షెడ్యూలులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉంటాయి. హద్దుల్ని స్థలం దగ్గర నిలబడి సరిచూసుకోండి. డోర్ నంబరు ఒక్కటే రాస్తే అది ఏ స్థలమో ఫైలు చూసేవాళ్లకి తెలియదు. చాలా అభ్యంతరాలు వీగిపోయేది ఇక్కడే.

ఉత్తరం ఎవరి పేరున పంపాలో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. సాధారణంగా పురపాలక శాఖ ప్రిన్సిపల్ సెక్రటరీ పేరున. కార్పొరేషన్‌లో ఇచ్చేసి పనైపోయిందనుకోవద్దు, అక్కడ ఇచ్చేది నకలు మాత్రమే. మొదటి పేరాలో నోటిఫికేషన్ నంబరు, తేదీ, సర్వే నంబరు రాయండి. తర్వాత మీ ఇల్లు ఆ స్థలానికి ఎంత దూరమో చెప్పండి. ఇక అసలు కారణాలు. రోడ్డు వెడల్పుని గోడ నుంచి గోడకి టేపుతో మూడుచోట్ల కొలిచి, తక్కువ వచ్చిన కొలతే రాయండి. మురుగు కాలువ లోతు, వానొస్తే నీళ్లు నిలిచే చోటు, బడి పిల్లలు నడిచే వేళలు, ఇప్పటికే రోడ్డు మీద ఆగే బళ్లు, వీటికి తేదీ ఉన్న ఫోటోలు జతచేయండి. యజమాని మంచివాడు కాదనీ, మా ఇళ్ల ధర పడిపోతుందనీ రాస్తే ఉత్తరం బలం తగ్గుతుంది. నలభైమంది ఒకే కాగితం మీద సంతకాలు చేయడం కంటే ఇంటికొక ఉత్తరం మేలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కార్పొరేషన్‌లో ఇచ్చే నకలుకి ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర వేయించుకోండి. అభ్యంతరాలు పట్టించుకోకుండా తుది ఉత్తర్వు వస్తే హైకోర్టులో రిట్ వేయడానికి ఈ కాగితాలే ఆధారం.

ప్రశ్న: పక్కన అపార్ట్‌మెంటు మూడో స్లాబు పడింది. మా గోడకీ వాళ్ల పిల్లర్లకీ మధ్య జానెడు చోటు కూడా లేదు. ప్లాన్ చూపించమంటే చూపించరు.
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీని కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు అడగండి. అదే రోజు కార్పొరేషన్ ప్రజా సమాచార అధికారికి రూ.10 రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అడగాల్సినవి: అనుమతి ఉత్తర్వు నకలు, మంజూరైన ప్లాన్ నకలు, నాలుగు వైపులా వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు. ‘ఎందుకు ఊరుకున్నారు?’ అని అడగొద్దు. ఆ చట్టం కింద వచ్చేది రికార్డే, సంజాయిషీ కాదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

అంతవరకూ ఆగలేమంటే ఇంకో దారి ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా, అమ్మకానికి పెట్టేముందు బిల్డరు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు చేసుకోవాలి. ఏపీ రెరా సైట్లో ప్రాజెక్టు పేరుతో వెతికితే వివరాలు ఉచితంగా చూడొచ్చు. నమోదే లేకుండా ఫ్లాట్లు అమ్ముతుంటే అది విడిగా మరో ఫిర్యాదు.

ప్రశ్న: మా లేఅవుట్లో పార్కు కోసం వదిలిన జాగాలో ఏదో కడతామంటున్నారు. నివాసులుగా మాకు అడిగే హక్కుందా?
– ఒక పాఠకుడు, గోరంట్ల, గుంటూరు

జవాబు: ఉంది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇచ్చిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. కోర్టుకెళ్లింది అక్కడి నివాసులే, వాళ్లకా హక్కు లేదన్న వాదన నిలవలేదు.

మీరు ముందు లేఅవుట్ ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) పట్టుకుని, మంజూరైన మ్యాపు నకలు తీసుకోండి. పార్కు జాగా స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసిచ్చారో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయిస్తే తేలుతుంది. డీడ్ ఉంటే నంబరు వేసి కమిషనర్‌కి రాయండి, అది ప్రజల ఆస్తి. లేకపోయినా వెనక్కి తగ్గకండి, మంజూరైన మ్యాపులో పార్కని ఉంటే అదే మీ ఆధారం. ఆ మ్యాపు జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) అర్జీ ఇవ్వండి. పునాది తవ్వకముందే ఇస్తే పని ఆపించడం తేలిక.