గోల్కొండ వజ్రమంటున్న పాత ఉంగరాన్ని కొనవచ్చా?

ప్రశ్న: మాకు దూరపు చుట్టాలైన ఒక కుటుంబంవారు తమ నాయనమ్మగారి ఒంటిరాయి ఉంగరాన్ని అమ్మదలచుకున్నారు. అది ఎనభై తొంభై ఏళ్ల నాటిదనీ, రాయి రెండు క్యారెట్లు తూగుతుందనీ, గోల్కొండ వజ్రమనీ చెబుతున్నారు. ఉంగరం వెనుక భాగం బంగారంతో పూర్తిగా మూసి ఉంది. బిల్లు లేదు. మా ఊరి నగల దుకాణంలో పెన్నులాంటి పరికరం ఆనించి చూసి "అసలు వజ్రమే" అన్నారు. తొమ్మిది లక్షలు అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఇవ్వాలని మా ఆలోచన. ఏమేమి చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా గోల్కొండ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని అడుగుతున్న ధరలో ఆ పేరుకే పెద్ద వాటా ఉన్నట్టు కనిపిస్తోంది. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్లాయన్నదీ, కృష్ణా తీరంలోని కొల్లూరు, పరిటాల వంటి చోట్ల దొరికిన రాళ్లకు గోల్కొండే పెద్ద అంగడి అన్నదీ నిజమే. అయితే 1867లో దక్షిణాఫ్రికాలో తొలి వజ్రం దొరికిన తరువాత కొద్దికాలానికే అక్కడి రాళ్లు మన వర్తకుల చేతికీ వచ్చాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1891లో బేరమాడిన 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం, అంటే 1995లో నిజాం నగలతోపాటు భారత ప్రభుత్వం కొన్న ఆ రాయి, దక్షిణాఫ్రికాదే. నిజాంగారి వజ్రమే పరాయి దేశపుదైనప్పుడు, 1930, 1940లలో చేయించిన ఉంగరంలోని రాయి గోల్కొండది అయ్యే అవకాశం తక్కువ. కానే కాదని చెప్పలేము గానీ, అవునని రుజువు చేయవలసింది అమ్మేవారు.

ఆ రుజువు తేలిక కాదు. సానపెట్టిన రాయిని చూసి అది ఫలానా గనిదని నిర్ధారించే పరీక్ష లేదు. పేరుమోసిన గోల్కొండ రాళ్లు కొన్ని నైట్రోజన్ దాదాపుగా లేని "టైప్ 2ఎ" రకానికి చెందినవి కాబట్టి, ప్రయోగశాల నివేదికలో ఆ మాట కనిపించగానే గోల్కొండ ధర చెప్పేవారున్నారు. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన కలినన్ వజ్రం కూడా ఆ రకమే. అంతకంటే ముఖ్యంగా, నేడు సీవీడీ పద్ధతిలో యంత్రంలో పెంచుతున్న వజ్రాలలో దాదాపు అన్నీ టైప్ 2ఎ రాళ్లే. అందువల్ల ఆ మాట వినబడితే ధర పెంచడానికి ఒప్పుకోవడం కాదు, రాయి సహజమైనదో కాదో మరింత లోతుగా పరీక్ష చేయించమని అడగాలి.

దుకాణంలో వాడిన పెన్ను రాయి గుండా వేడి ఎంత త్వరగా పాకుతుందో మాత్రమే చూస్తుంది. గాజు, అమెరికన్ డైమండ్, తెల్ల నీలం వంటివి కాదని దానితో తెలుస్తుంది. కానీ వజ్రంలా కనిపించే కృత్రిమ రాయి మోయిసనైట్ కూడా వేడిని అంతే చురుకుగా లాగేస్తుంది కాబట్టి వేడిని మాత్రమే కొలిచే పెన్ను దాన్ని వజ్రమనే చెబుతుంది. ల్యాబ్‌లో పెంచిన రాయి అయితే అన్నివిధాలా వజ్రమే కాబట్టి ఇలాంటి పెన్ను దాన్ని పట్టదు. నోటి ఆవిరి ఊదడం, నీళ్లలో వేయడం వంటి ఇంటి పరీక్షల మీద కాలం వృథా చేయవద్దు. సుత్తితో కొట్టి చూడమనే సలహాను అసలే వినవద్దు. వజ్రం గీతకు లొంగదు గానీ, దెబ్బ సరైన దిక్కున తగిలితే నిలువునా చీలుతుంది.

మీరు స్వయంగా చేయగలిగినది ఒకటుంది. పదిరెట్లు పెద్దదిగా చూపే లూప్‌తో, పగటి వెలుగులో రాయిని తీరికగా చూడండి. ఆ కాలపు చేతి సానకు కొన్ని గుర్తులున్నాయి: పైనున్న చదునైన పట్టం చిన్నదిగా, దాని చుట్టూ భుజాలు ఎత్తుగా ఉంటాయి; ముఖాలు ఒకదానితో ఒకటి అచ్చు సరిపోవు; పైనుంచి నేరుగా చూస్తే నడిమధ్యన చిన్న గుండ్రని కిటికీ తెరిచినట్టు ఒక చుక్క కనిపిస్తుంది. రాయి అడుగు కొసను సూదిగా వదలకుండా చదును చేయడం వల్ల ఏర్పడేదే ఆ చుక్క. నడుము అంచు ఈనాటి రాళ్లలా మెరుగుపెట్టి ఉండక, పాలగాజులా మసకగా ఉంటుంది. దశాబ్దాలు వేలికి తిరిగిన వజ్రానికి నడుము దగ్గర చిన్న చిన్న పెచ్చులు లేచి ఉండవచ్చు గానీ, ముఖాలు కలిసే గీతలు మాత్రం పదునుగానే ఉంటాయి. ఆ గీతలు అరిగి గుండ్రబడి ఉంటే అది వజ్రం కాదేమోనని అనుమానించాలి. రాయి అడుగు వైపు గీతలు రెండేసిగా కనిపిస్తే అది జిర్కాన్ గాని, మోయిసనైట్ గాని అయి ఉండవచ్చు. ఇవన్నీ సరిపోయినా అది పాత సాన తీరు అని మాత్రమే తెలుస్తుంది. కొత్త రాళ్లను పాత తీరులో సానపెట్టేవారు ఇప్పుడు ఉన్నారు. ఉంగరం సంగతికి వస్తే, అంతటి పాత నగకు హాల్‌మార్క్ లేకపోవడం లోపం కాదు. ఇప్పటి హాల్‌మార్క్‌లో భాగంగా వేసే, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ ముద్ర కనిపిస్తే మాత్రం ఈమధ్య మళ్లీ చేయించారా అని అడగండి.

అసలు చిక్కు ఆ మూసిన వెనుక భాగంలోనే ఉంది. వెనుక వెండిరేకు పెట్టి బంగారంతో మూసే పాత పనితనంలో పసుపు ఛాయ ఉన్న రాయి కూడా తెల్లగా మెరుస్తుంది. రాయి లోతెంతో పైకి తెలియదు. ఈనాటి గుండ్రని సానలో ఒక క్యారెట్ రాయి సుమారు ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పు, రెండు క్యారెట్లది ఎనిమిది మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. పాత రాళ్లు లోతుగా ఉంటే అంతకంటే చిన్నవిగా కనిపించి కూడా బరువు తూగుతాయి. అడుగు చదునుగా ఉండే రోజ్ కట్ రాయి అయితే అంతే వెడల్పున్నా చాలా తక్కువ తూగుతుంది. కాబట్టి రెండు క్యారెట్లన్నది ప్రస్తుతానికి ఒక అంచనా మాత్రమే. రాయిని విప్పించి, నివేదిక తెప్పించుకోకుండా ఇంత సొమ్ము పెట్టవద్దన్నదే నా సలహా. వజ్రాలను పరీక్షించి నాణ్యత చెప్పే జీఐఏ వంటి సంస్థ నగలో బిగించి ఉన్న వజ్రానికి గ్రేడింగ్ నివేదిక ఇవ్వదు. రాయిని విడిగా ముంబయిలోని వారి ప్రయోగశాలకు పంపవలసిందే.

విప్పే పని పాత కట్టడం తెలిసిన కంసాలి చేత, ఇరుపక్షాలవారూ ఎదురుగా ఉండగా జరగాలి. విప్పకముందు ఉంగరాన్నీ, విప్పిన తరువాత రాయినీ, బంగారాన్నీ విడివిడిగా తూకం వేసి, రాయి లోపలి మచ్చలను లూప్ గుండా ఫొటో తీయించండి. రాయి మారిపోయిందన్న మాట రేపు ఎవరి నోటా రాకూడదు. ఖర్చు ఎవరిది, రాయికి దెబ్బ తగిలితే నష్టం ఎవరిది అన్నది ముందే కాగితం మీద పెట్టుకోండి. విప్పడానికి వారు ఒప్పుకోకపోతే బంగారం విలువకు, మర్యాద కోసం పైన మరో ఏడెనిమిది వేలకు మించి ఆ ఉంగరానికి ధర కట్టలేరు.

నివేదిక వచ్చాక అందులో కట్ గ్రేడ్ (సాన నాణ్యతకు ఇచ్చే శ్రేణి) లేదని కంగారుపడవద్దు, పాత సాన రాళ్లకు అది ఇవ్వరు. బరువు, రంగు, స్వచ్ఛత చూసి, ఇద్దరు ముగ్గురు వ్యాపారులను "ఇలాంటిది మీరు అమ్మితే ఎంత" అని కాక "మేము తెస్తే మీరెంతకు కొంటారు" అని అడగండి.

నాయనమ్మగారి ఆస్తి కాబట్టి వారసులందరి సంతకాలతో, ఫొటో, తూకం, నివేదిక సంఖ్య చేర్చి విక్రయ పత్రం రాయించుకోండి. సొమ్మును బ్యాంకు ద్వారా చెల్లించండి. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడే నిబంధన ఉంది. ఇక అమెరికా విషయం: వందేళ్లు దాటిన కళాత్మక వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. ధర కోసం ఉంగరం వయసు పెంచి రాసిస్తే ఆ కాగితమే మీకు అడ్డుపడుతుంది.

ప్రశ్న: ఏడు రాళ్ల దుద్దులు బేరానికి వచ్చాయి. బ్లూ జాగర్ రాళ్లనీ, అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరుస్తాయనీ అమ్మేవారు చూపించారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటెయిన్ గని రాళ్లకు వచ్చిన పేరది. ఆ గని 1971లోనే మూతపడింది. నీలపు మెరుపు ఎన్నో గనుల వజ్రాలలో ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి గనిని చెప్పలేము. ఆ దీపం మీకు మరోవిధంగా పనికివస్తుంది. సహజమైన రాళ్లను ఎంత జోడు కుదిర్చి బిగించినా, పద్నాలుగింటిలో కొన్ని గట్టిగా, కొన్ని లీలగా మెరుస్తాయి, కొన్ని అసలు మెరవవు. అన్నీ ఒకే తీరున మెరిసినా, లేక దీపం ఆర్పాక ఏ రాయిలోనైనా వెలుగు కొన్ని క్షణాలు నిలిచినా, బేరం అక్కడికి ఆపి దుద్దులను ల్యాబ్‌కు పంపించండి.