నవోదయ, సైనిక్ స్కూల్ సీటు: మార్కు కంటే ముందు చూసుకోవాల్సింది

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లెటూరు. మా పాప మా ఊరి మండల పరిషత్ స్కూల్లోనే మొదటి నుంచీ చదువుతోంది, ఇప్పుడు నాలుగో తరగతి అయిపోవస్తోంది. లెక్కల్లో చురుకు. నవోదయకీ, కోరుకొండ సైనిక్ స్కూల్‌కీ రాయించాలని మా ఆశ. టౌన్లో ఒక కోచింగ్ సెంటర్‌వాళ్లు నవోదయ మోడల్ పేపర్ పెడితే 100కి 65 వచ్చాయి. 90 దాటకపోతే సీటు రాదనీ, ఐదో తరగతి వాళ్ల స్కూల్లోనే చేర్చి హాస్టల్లో ఉంచమనీ అంటున్నారు. అప్పు చేసైనా చేరుద్దామంటున్నారు మావారు. మార్కులు నిజంగా అంత ముఖ్యమా? ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఇది చెప్పాలి. పాపను ఐదో తరగతికి టౌన్ స్కూల్లో చేర్చకండి. ఆ ఒక్క పనితో ఆమెకు ఇప్పుడు చేతిలో ఉన్న పెద్ద అవకాశం పోతుంది.

నవోదయ అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే రెసిడెన్షియల్ స్కూల్. అందులో ప్రతి జిల్లాకూ ఉన్న సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలవి. ఆ లెక్కలోకి రావాలంటే పాప మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు ఉన్న స్కూల్లో, ప్రతి ఏడూ పూర్తిగా చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంతపు స్కూల్లో చదివినా పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. మీ పాప ఇప్పటికే రెండేళ్లు పూర్తి చేస్తోంది. మూడో ఏడు టౌన్లో చేరిస్తే, అప్పు చేసి మరీ గ్రామీణ కోటా వదులుకుని, మిగిలిన కొద్ది సీట్ల కోసం టౌన్ పిల్లలతో పోటీ పడినట్టవుతుంది. మార్కులు పది పెరిగినా ఆ నష్టం పూడుతుందన్న భరోసా లేదు. ఈ నిబంధన నవోదయ ప్రాస్పెక్టస్‌లోనే ఉంటుంది. దాని గురించి మీకు చెప్పకుండా హాస్టల్ ఫీజు గురించి మాత్రం చెప్పినవాళ్ల సలహా మీద మీ ఇంటి డబ్బు పెట్టవద్దు.

కొందరు ఇంకో దారి చూపిస్తారు. పేరు ఊరి స్కూల్లోనే ఉంచి, పిల్లను టౌన్ హాస్టల్లో కూర్చోబెట్టమంటారు. అది తప్పుడు లెక్క. పరీక్ష ఫలితాల్లో పేరు వచ్చినా ఆ ఎంపిక తాత్కాలికమే. చేరేటప్పుడు చదువు సర్టిఫికెట్లు, నివాసం అన్నీ పరిశీలిస్తారు. హెడ్మాస్టరు గారిని ఇరుకున పెట్టి, పదేళ్ల పిల్లకు అబద్ధం నేర్పి సంపాదించే సీటు మీకు వద్దు. జిల్లా విషయంలోనూ ఇంతే. ఏ జిల్లాలో ఐదో తరగతి చదువుతూ నివసిస్తోందో ఆ జిల్లా నవోదయకే రాయగలదు. విశాఖలో మంచి కోచింగ్ ఉందని అక్కడ చేర్చినా చిక్కే.

ఇక మార్కులు ముఖ్యమా అని అడిగారు. చాలా ముఖ్యం. ఈ రెండు స్కూళ్లలోనూ ఆరో తరగతి సీటుకు ఇంటర్వ్యూ లేదు. తల్లిదండ్రులు ఇంగ్లిష్ మాట్లాడతారా, ఏం ఉద్యోగం చేస్తారు అని ఎవరూ అడగరు. సిఫార్సులకు చోటు లేదు. రాత పరీక్షే ర్యాంకు. పల్లెటూరి పిల్లకు ఇంతకంటే న్యాయమైన తలుపు మన దేశంలో ఎక్కువ లేదని నా నమ్మకం. అయితే పాప మార్కును జిల్లాలోని పిల్లలందరి మార్కులతో కలిపి ఒకే జాబితాలో పోల్చరు. గ్రామీణం, పట్టణం, కులం, బాలికలు, దివ్యాంగులు అన్న లెక్కలన్నీ పడ్డాక, ఆమె ఏ వరుసలోకి వస్తుందో ఆ వరుసలోని పిల్లలతోనే పోలిక. ఒక నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. వాటిలో కనీసం మూడో వంతు బాలికలవి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు వేరే ఉన్నాయి. పేపర్ తేలికైన ఏడాది కటాఫ్, అంటే సీటు వచ్చే చివరి మార్కు, పైకి పోతుంది, కష్టమైన ఏడాది దిగుతుంది. కాబట్టి అందరికీ వర్తించే 90 అనే గీత ఎక్కడా లేదు.

పైగా ఐదో తరగతి మొదలుకాకముందే 65 అంటే 80 ప్రశ్నల్లో 52 ఒప్పు పెట్టిందన్నమాట. కోచింగ్ లేని పిల్లకు అది మంచి మార్కు. నాకైతే ఆ తప్పిన 28 ఎక్కడివో తెలిస్తే చాలు. ఆ జవాబు పత్రం అడిగి తెచ్చుకోండి.

నవోదయ పేపర్ రెండు గంటలు. మేధా సామర్థ్యం 40 ప్రశ్నలు 50 మార్కులకు, లెక్కలు 20 ప్రశ్నలు 25కు, భాష 20 ప్రశ్నలు 25కు. మార్కుల్లో సగం బొమ్మలదే అని గమనించండి. వేరుగా ఉన్న బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే ఎలా ఉంటుంది, ఇలాంటివి. వీటికి ఇంగ్లిష్ రానక్కర్లేదు, ట్యూషనూ అక్కర్లేదు. పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి. మూడు నాలుగు నెలలు రోజూ అరగంట కూర్చుంటే, లెక్కల్లో చురుకైన పిల్ల వీటిలో చాలా ఎదుగుతుంది. కాగితం మడిచే ప్రశ్నలకు నిజంగానే కాగితం, కత్తెర చేతికివ్వండి. భాషలో నాలుగు పేరాలు ఇచ్చి ఒక్కోదాని కింద ఐదు ప్రశ్నలు అడుగుతారు. తెలుగులోనే రాయొచ్చు. దీనికి బట్టీ పనికిరాదు. రోజూ ఒక కథో, పేపర్లో పిల్లల పేజీయో చదివించి, చదివింది మీకు చెప్పమనండి. లెక్కల్లో భిన్నాలు, దశాంశాలు, క.సా.గు., గ.సా.భా., శాతాలు గట్టిగా ఉండాలి. వాళ్ల టీచరుగారినే అడగండి, ఇష్టంగా చెబుతారు. తప్పు జవాబుకు మార్కు తీసేయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదని పాపకు చెప్పండి. ఓఎంఆర్ షీటు జిరాక్సులు తీయించి, బాల్ పెన్నుతో గడులు నింపడం అలవాటు చేయండి. తెలిసిన జవాబును పక్క గడిలో నింపి సీటు పోగొట్టుకునే పిల్లలుంటారు. అలా పోతే కడుపు తరుక్కుపోతుంది.

రక్షణ శాఖ కింద నడిచే రెసిడెన్షియల్ బడి సైనిక్ స్కూల్. దాని పరీక్ష తీరు వేరు. ఆరో తరగతికి 125 ప్రశ్నలు, 300 మార్కులు, రెండున్నర గంటలు. లెక్కలకే 150 మార్కులు. ఒక్కో లెక్కకు మూడు మార్కులు, మిగతా ప్రశ్నలకు రెండేసి. భాష, మేధాశక్తి, జనరల్ నాలెడ్జ్ ఒక్కోటి 50. ఇక్కడా తెలుగులో రాయొచ్చు, మైనస్ మార్కులు లేవు. ప్రతి విభాగంలో 25 శాతం, మొత్తం మీద 40 శాతం తెచ్చుకుంటే క్వాలిఫై అంటారు, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద కనిపించే ఫొటోల్లో చాలావరకు ఈ క్వాలిఫై అయినవాళ్లవే కావొచ్చు. క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టు కాదు. 120 వచ్చిన పిల్ల క్వాలిఫై అవుతుంది, సీటు మాత్రం మెరిట్ జాబితాలో పైనున్నవాళ్లకే. మీరు అడగాల్సింది, ఎంతమంది చేరారు అని.

బాలికలకు ఇక్కడ 10 శాతం లేదా 10 సీట్లు, ఏది ఎక్కువైతే అది. 2021-22 నుంచే అన్ని సైనిక్ స్కూళ్లలో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు. సీట్లు తక్కువ కాబట్టి మార్కుల పోటీ నవోదయ కంటే బిగువు. సొంత రాష్ట్రం పిల్లలకు 67 శాతం ఉంటుంది, గ్రామీణ కోటా మాత్రం లేదు. మార్కులు ఎన్ని వచ్చినా వైద్య పరీక్షలో ఫిట్ అని తేలాలి. దీని కోసం వేసవిలోనే పాపకు కంటి పరీక్ష, పళ్లు, చెవులు చూపించండి. చూపులో లోపముంటే అప్పుడు తెలిసి ఏడవడం కంటే ఇప్పుడు తెలియడం మేలు. ఇంకొకటి, సైనిక్ స్కూల్ ఉచితం కాదు. ఫీజు ఏడాదికి లక్ష దాటుతుంది. స్కాలర్‌షిప్పులున్నాయి, ఆదాయాన్ని బట్టి మీకు వస్తుందో లేదో స్కూల్లోనే కనుక్కోండి. నవోదయలో చదువు, భోజనం, బట్టలు, పుస్తకాలు అన్నీ ఉచితం. తొమ్మిది నుంచి కొందరి దగ్గర నెలకు 600 తీసుకుంటారు, ఆడపిల్లలకు అదీ లేదు. మీ పరిస్థితికి నవోదయను మొదటి గురిగా, సైనిక్ స్కూల్‌ను రెండోదిగా పెట్టుకోమంటాను.

పెద్ద ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్ల లెక్క ఇలా ఉండదు. అక్కడ పరీక్ష ఉన్నా పిల్లతో, తల్లిదండ్రులతో మాట్లాడి చూస్తారు, మార్కు చాలా విషయాల్లో ఒకటి. ఆడపిల్లల ప్రభుత్వ రెసిడెన్షియల్ బడులైన కస్తూర్బా విద్యాలయాల్లో అయితే ఆరో తరగతికి అసలు ప్రవేశ పరీక్షే లేదు. అనాథలకు, బడి మానేసిన ఆడపిల్లలకు, పేద కుటుంబాలవారికి ప్రాధాన్యం. మీ మండలంలో ఉంటే చూసి రండి, నాకు ఆ బడుల మీద గౌరవముంది.

నవోదయ ఆరో తరగతి పరీక్ష ఒక్కసారే రాయగలరు. ఐదో తరగతి మళ్లీ చదివించి రెండోసారి రాయిద్దామనుకుంటే కుదరదు. అయితే దారి అక్కడితో మూసుకుపోదు. తొమ్మిదిలో, పదకొండులో ఖాళీలకు మళ్లీ పరీక్ష పెడతారు. సైనిక్ స్కూల్లోనూ తొమ్మిదో తరగతి ప్రవేశముంది, కాకపోతే ఆ పేపర్ ఇంగ్లిష్‌లోనే, 400 మార్కులకు. అంటే ఏడు, ఎనిమిది తరగతుల్లో ఇంగ్లిష్ గట్టిపడాలి.

మార్కు చెప్పలేనిది ఒకటుంది. పదకొండేళ్ల పిల్ల అమ్మ లేకుండా నిద్రపోగలదా? మార్కులు మెండుగా తెచ్చుకుని, చేరిన నెలకే ఏడుస్తూ తిరిగొచ్చే పిల్లలుంటారు. ఆ తప్పు పిల్లది కాదు. ఈ వేసవిలో మేనత్త ఇంట్లోనో అమ్మమ్మ దగ్గరో పది రోజులు మీరు లేకుండా ఉంచి చూడండి. తన బట్టలు తనే ఉతుక్కోవడం, తన పెట్టె తనే సర్దుకోవడం చేయనివ్వండి. తొమ్మిదో తరగతిలో కొందరు నవోదయ పిల్లల్ని ఏడాదిపాటు హిందీ ప్రాంతంలోని నవోదయకు పంపుతారు, అదీ చెప్పి ఉంచండి. మీ వారితో పాటు పాపను కూడా కూర్చోబెట్టి, వెళ్లాలనుందా అని అడగండి. వద్దంటే ఎందుకో వినండి.

అప్పు చేయొద్దు. ఆ డబ్బులో చిన్న భాగంతో పాత పేపర్లు, ఓఎంఆర్ జిరాక్సులు, ఒక మంచి నిఘంటువు వచ్చేస్తాయి. ఇప్పుడే మొదలుపెట్టాల్సింది కాగితాల పని. పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రిజిస్టర్ మూడింట్లో పేరు, ఇంటిపేరు, తేదీ ఒకేలా ఉన్నాయేమో చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. మీరు బీసీలైతే రాష్ట్ర కుల సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదని చెప్పే) సర్టిఫికెట్ తీసుకోవాలి. వయసు పరిమితి తేదీలు ఏటా మారతాయి కాబట్టి, ప్రకటన రాగానే రెండు ప్రాస్పెక్టస్‌లూ మీ ఊరి హెడ్మాస్టరు గారి దగ్గర కూర్చుని ఒకసారి పూర్తిగా చదివించుకోండి.