కదలని పడవ లివర్

ప్రశ్న: నాగార్జునసాగర్‌లో నడిపే మా పాత డీజిల్ పడవకు గేరు, యాక్సిలరేటర్ రెండింటికీ ఒకటే లివర్. చాన్నాళ్లు ఒడ్డునే ఉండటంతో పట్టేసింది. ఊడదీయడమెట్లా?
– ఒక పాఠకుడు, పెద్దవూర

జవాబు: ముందు లివర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే కేబుళ్లను ఇంజిన్ వైపు విప్పండి. లివర్ ఆడితే లోపం ఇంజిన్ వైపే. ఆడకపోతే లివర్ కింద కూడా విప్పండి. ఇప్పుడు ఆడితే కేబుల్ పోయినట్టే. దానికి నూనె పోసి లాభం లేదు, అదే పొడవు కొత్తది వేయండి.

అప్పటికీ కదలకపోతే లివర్ బిగించిన పెట్టెలోనే పట్టేసింది. స్టీలు, అల్యూమినియం తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియం తినుకుపోయి, తెల్లపొడి ఉబ్బి బిగుస్తుంది. లివర్ మొదట్లో ఉండే అలెన్ స్క్రూ (తలలో ఆరుపలకల గుంట ఉండే మర) తీయకుండా లాగొద్దు, ఎక్కువగా విరిగేది అక్కడే. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా ఉంచండి. మర్నాడు నూనె తుడిచేసి, హీట్ గన్‌తో (వేడిగాలి ఊదే పరికరం) వేడిచేసి, పుల్లర్‌తో (బిగుసుకున్న భాగాన్ని పట్టి బయటికి లాగే పనిముట్టు) లాగండి. సుత్తి ముట్టొద్దు, పోత అల్యూమినియం పగులుతుంది. డీజిల్ పక్కన మంట అసలే వద్దు.