వాడని ట్రైలర్, తీరని అప్పు: అమ్మే ముందు వేసుకోవలసిన లెక్క

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 2021 వేసవిలో 38 వేల డాలర్లు పెట్టి 26 అడుగుల కొత్త ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే, లోపల బస చేసే బండి) కొన్నాం. 6 వేలు చేతి నుంచి పెట్టుకుని, 32 వేలు 7 శాతం వడ్డీకి 15 ఏళ్ల అప్పుగా తీసుకున్నాం. నెలకు 288 డాలర్ల చొప్పున ఇప్పటికి 48 వాయిదాలు కట్టాం. పిల్లల చదువులు, ఆటల వల్ల రెండేళ్లుగా ట్రైలర్ కదల్లేదు. ఇంటి ముందు పెట్టడానికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదు కాబట్టి స్టోరేజ్‌కు నెలకు 110, బీమాకు 40 డాలర్లు కడుతున్నాం. డీలర్ 16 వేలు ఇస్తానన్నారు. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఇలాంటివే 21 నుంచి 23 వేలకు కనిపిస్తున్నాయి. కనీసం 28 వేలు రాకపోతే అమ్మడం నష్టమేనని నాకు అనిపిస్తోంది. వచ్చే మార్చి వరకు ఆగమంటారా? అప్పు ఉండగా అమ్మవచ్చా? కొంటామని వచ్చేవారి చేతిలో మోసపోతామేమోనన్న భయమూ ఉంది. తక్కువ పడిన డబ్బు కోసం, మా అత్తమామల వైద్యానికని భారతదేశంలో దాచిన ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (ప్రవాస భారతీయుల రూపాయి డిపాజిట్) తీసేద్దామని నా భార్య అంటోంది. ఇక్కడ పొదుపు ఖాతాలో 14 వేల డాలర్లు ఉన్నాయి. స్నేహితుడొకరు ట్రైలర్ తీసుకుని మిగతా వాయిదాలు తానే కట్టుకుంటానంటున్నారు.

జవాబు: మీరు మనసులో పెట్టుకున్న 28 వేలు మీరు పెట్టిన ఖర్చును బట్టి వచ్చిన అంకె. మీ ట్రైలర్ చూడటానికి వచ్చేవారికి ఆ ఖర్చుతో సంబంధం ఉండదు. మీరు కొన్న 2021 అమెరికాలో ఆర్‌వీలకు (ట్రైలర్ల లాంటి, బస చేసే వాహనాలకు) అసాధారణమైన సంవత్సరం. కోవిడ్ వల్ల విమానాలకు, హోటళ్లకు దూరమైన కుటుంబాలు ట్రైలర్ల వైపు మళ్లడంతో ఆ ఒక్క ఏడాదే తయారీదారుల నుంచి డీలర్లకు 6 లక్షలకు పైగా ఆర్‌వీలు వెళ్లాయి. 2023 నాటికి ఆ సంఖ్య దాదాపు 3.13 లక్షలకు పడిపోయింది. అంటే మీరు గిరాకీ శిఖరాన ఉన్నప్పుడు కొన్నారు, ఆ కాలంలో కొన్న ఎన్నో కుటుంబాలు ఇప్పుడు మీలాగే అమ్మకానికి పెడుతున్నాయి. ఇది మీ తప్పు కాదు. కానీ ఆ ధర తిరిగి వస్తుందని ఎదురుచూడటానికి నాకు ఏ ఆధారమూ కనిపించడం లేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 48 వాయిదాల్లో మీరు కట్టినది సుమారు 13,800 డాలర్లు. అందులో అసలు కిందికి పోయినది 5,600 లోపే, మిగిలిన 8,200 పైచిలుకు వడ్డీకే పోయింది. దీర్ఘకాలపు అప్పుల్లో తొలి ఏళ్లు ఇలాగే గడుస్తాయి. మీకు మిగిలి ఉన్న బాకీ సుమారు 26,400. దాని మీద ఈ నెల పడే వడ్డీ 154 డాలర్లు. దానికి స్టోరేజ్ 110, బీమా 40 కలిపితే, కదలని ట్రైలర్ కోసం మీ చేతి నుంచి తిరిగిరాకుండా పోయేది నెలకు 304. వాయిదాలో మిగతా 134 అసలును తగ్గిస్తుంది కాబట్టి దాన్ని ఖర్చుగా చూడనక్కరలేదు. పైగా ట్రైలర్ విలువ ఏడాదికి కనీసం 1,500 తరుగుతుందనుకున్నా, మొత్తం భారం నెలకు 430 అవుతుంది. ఈ అంకెను దగ్గర పెట్టుకోండి, మీ ప్రశ్నల్లో చాలావాటికి సమాధానం దీన్నుంచే వస్తుంది.

మార్చి వరకు ఆగడం గురించి అడిగారు. వసంతంలో కొనేవారు పెరుగుతారన్నది నిజమే, పన్ను రిఫండ్లు చేతికి వచ్చే కాలం కూడా అదే. అయితే అయిదు నెలలు ఆగితే 2,150 డాలర్ల భారం పడుతుంది, పైగా సంవత్సరం మారగానే మీ ట్రైలర్ వయసు లెక్కలో మరో ఏడాది పెరుగుతుంది. వసంతంలో వెయ్యి డాలర్లు ఎక్కువ పలికినా మీరు వెనకబడే ఉంటారు. కాబట్టి ప్రకటన ఇప్పుడే పెట్టండి.

డీలర్ చెప్పిన 16 వేలు మోసపు ధర కాదు. ఆయన దాన్ని బాగుచేసి, స్థలం ఇచ్చి, లాభం చూసుకుని తిరిగి అమ్మాలి. అయినా నేరుగా అమ్మితే 20,500 వచ్చే అవకాశం ఉన్నప్పుడు, ఆ 4,500 తేడా కోసం కొన్ని వారాంతాలు వెచ్చించడం సమంజసమే. మీరు చూసిన 21 నుంచి 23 వేలు అమ్మేవారు అడుగుతున్న ధరలే తప్ప అమ్ముడుపోయిన ధరలు కావని గుర్తుంచుకోండి. జె.డి. పవర్ వారి ఆర్‌వీ విలువల పట్టికలో మీ మోడల్, తయారీ సంవత్సరం, అదనపు సామగ్రి ఎంచుకుని అక్కడి తక్కువ రిటైల్ ధరనూ సగటు రిటైల్ ధరనూ చూడండి. తర్వాత మూడు వందల మైళ్ల లోపల ఉన్న ప్రకటనలను రెండు వారాలు గమనిస్తే, ఏవి త్వరగా మాయమవుతున్నాయో, ఏవి ధర తగ్గించుకుంటూ అలాగే ఉన్నాయో తెలుస్తుంది. నా అంచనా ప్రకారం 21,900తో మొదలుపెట్టి, నెల రోజుల్లో గట్టి కొనుగోలుదారు రాకపోతే 500 తగ్గించడం సరైనది. ఎందుకంటే ఇంకో నెల ఉంచుకోవడానికి మీకయ్యే ఖర్చు కూడా దాదాపు అంతే. 19 వేల కంటే కిందికి దిగవలసి వస్తే మాత్రం డీలర్‌తో మరోసారి మాట్లాడండి.

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్, ఆర్‌వీ ట్రేడర్ మూడింటిలోనూ ఒకే ధర, ఒకే వివరాలు పెట్టండి. కొనేవారికి మొదటి భయం నీటి తడి. పైకప్పు అతుకుల వద్ద సీలెంట్ ఎలా ఉందో, మూలల్లో గోడలు ఉబ్బాయో లేదో స్పష్టంగా కనిపించే ఫొటోలు ఇవ్వండి. రెండేళ్లు బయట నిలిచిన ట్రైలర్ కాబట్టి టైర్ల సంగతి తప్పకుండా అడుగుతారు. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల లేకపోయినా అయిదారేళ్లకు ట్రైలర్ టైర్లు మార్చడం వాడుక కాబట్టి, ఆ ఖర్చు కింద కొంత తగ్గించమని బేరమాడితే అది న్యాయమైన బేరమే. ఖాళీ బరువు, గరిష్ఠ బరువు కూడా రాయండి. తమ ట్రక్కు దీన్ని లాగగలదో లేదో కొనేవారు ముందే తేల్చుకుంటే, ఉత్తపుణ్యానికి వచ్చి చూసిపోయేవారు తగ్గుతారు. తెలిసిన లోపం ఏదైనా ఉంటే రాసేయండి. దాచిపెట్టి అమ్మి, తర్వాత ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్లుగా) షరతుతో అమ్మానంటే ఆ మాట మిమ్మల్ని కాపాడకపోవచ్చు.

అప్పు ఉండగా అమ్మవచ్చు, కానీ టైటిల్ (వాహన యాజమాన్య పత్రం) మీద అప్పిచ్చిన సంస్థ హక్కు నమోదై ఉంటుంది కాబట్టి ఆ విషయం ప్రకటనలోనే చెప్పాలి. ముందుగా ఆ సంస్థ నుంచి పేఆఫ్ లెటర్ తెప్పించుకోండి. ఏ తేదీ నాటికి ఎంత కడితే అప్పు పూర్తిగా తీరుతుందో, ఆ తర్వాత రోజుకెంత వడ్డీ కలుస్తుందో అందులో ఉంటుంది. టెక్సస్‌లో డబ్బు ముట్టిన తర్వాత 10 పనిదినాల్లో అప్పిచ్చినవారు తమ హక్కును విడుదల చేయాలి. కొనేవారు తమ క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) నుంచి అప్పు తీసుకుంటే మీకు అన్నింటికంటే సుఖం, ఎందుకంటే ఆ క్రెడిట్ యూనియన్ మీ సంస్థకే నేరుగా డబ్బు పంపి టైటిల్ తెప్పించుకుంటుంది. నగదుతో కొనేవారైతే, అప్పిచ్చిన సంస్థకు స్థానిక శాఖ ఉన్న పక్షంలో ఇద్దరూ అక్కడికే వెళ్లి ముగించండి. శాఖ లేకపోతే ధర రాతపూర్వకంగా ఖాయమైన తర్వాత, తక్కువ పడే మొత్తాన్ని మీరు ముందుగా కట్టేసి, మిగిలిన బాకీ అమ్మకం ధరకు సమానమయ్యేలా చేయండి. అప్పుడు కొనేవారి ఒక్క చెల్లింపుతో అప్పు తీరిపోతుంది.

ఆ తక్కువ పడే మొత్తం 20,500 ధర వద్ద సుమారు 5,900. ఇది పొదుపు ఖాతా నుంచే తీయమని నా సలహా. 14 వేలలో 8,100 మిగులుతుంది. ట్రైలర్ పోయాక వాయిదా, స్టోరేజ్, బీమా కలిపి నెలకు 438 డాలర్లు మీకు మిగులుతాయి. వాటిని అలాగే పొదుపులో వేస్తే 14 నెలల్లో ఖాతా మళ్లీ నిండుతుంది. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి భారతదేశంలో పన్ను లేకపోయినా అమెరికాలో ఉంటుంది. రూపాయి మారకపు విలువ తగ్గుదల కూడా కలిపి చూస్తే, కేవలం అంకెల ప్రకారం దాన్ని తీసి 7 శాతం అప్పు తీర్చడం తప్పేమీ కాదు. నేను వద్దనడానికి కారణం వేరే. పెద్దవారి వైద్యానికని పక్కన పెట్టిన డబ్బు అవసరం వచ్చిన రాత్రి అక్కడే ఉండాలి, పైగా గడువుకు ముందు తీస్తే వడ్డీ రేటు కోసేస్తారు, ఏడాది నిండకపోతే వడ్డీయే రాదు. 401కె (ఉద్యోగ విరమణ పొదుపు ఖాతా) నుంచి అప్పు తీసుకునే ఆలోచన కూడా చేయకండి. ఉద్యోగం మారితే ఆ మొత్తాన్ని తక్కువ వ్యవధిలో తిరిగి కట్టవలసి వస్తుంది.

మీ స్నేహితుని ప్రతిపాదన గురించి గట్టిగా చెప్పాలి. దయచేసి ఒప్పుకోకండి. అప్పు మీ పేరున ఉంటుంది, ట్రైలర్ ఆయన దగ్గర ఉంటుంది, ఒక్క వాయిదా తప్పినా దెబ్బ మీ క్రెడిట్ స్కోరుకు తగులుతుంది. దారిలో ప్రమాదం జరిగితే టైటిల్ మీద పేరున్న మీరు కూడా ఆ తగాదాలో చిక్కుకుంటారు. అప్పిచ్చిన సంస్థకు తెలియకుండా ఇలా అప్పగించడాన్ని సాధారణంగా రుణ ఒప్పందమే నిషేధిస్తుంది. మన సంఘాల్లో, వాట్సాప్ బృందాల్లో ఇలాంటి ఏర్పాట్లు నమ్మకం పేరుతో జరుగుతుంటాయి, చెడిపోయినప్పుడు డబ్బుతో పాటు స్నేహమూ పోతుంది. ఆయనకు నిజంగా కావాలంటే తన పేరున క్రెడిట్ యూనియన్ అప్పు తీసుకోమనండి, ఇతరులకు ఇచ్చే ధరకంటే కొంత తగ్గించి ఇవ్వండి.

మోసాల విషయంలో మీ భయం సబబైనదే. ట్రైలర్ చూడకుండానే అడిగిన ధరకు ఒప్పుకుని, అంతకంటే ఎక్కువ మొత్తానికి క్యాషియర్స్ చెక్ (బ్యాంకే రాసిచ్చే చెక్) పంపి, మిగిలినది రవాణా చేసేవారికి పంపమనేవారు దాదాపు ఎప్పుడూ మోసగాళ్లే. చెక్ వేసిన మర్నాడు ఖాతాలో డబ్బు కనిపించినంత మాత్రాన ఆ చెక్ నిజమైనదని తేలినట్లు కాదు. వారాల తర్వాత నకిలీదని బయటపడితే బ్యాంకు ఆ మొత్తాన్ని మీ దగ్గరే వసూలు చేస్తుంది. అందుకే కొనేవారి బ్యాంకు శాఖలో, మీ కళ్లెదుట చెక్ రాయించుకోవడం ఒక్కటే నేను నమ్మే పద్ధతి. ఫలానా వెబ్‌సైట్‌లోనే వాహన చరిత్ర నివేదిక కొనమని పట్టుబట్టేవారు మీ కార్డు వివరాల కోసం చూస్తున్నారు. మీరు నిజమైన మనిషో కాదో చూస్తామంటూ ఫోన్‌కు వచ్చిన అంకెల కోడ్ అడిగేవారు మీ నంబరును వాడుకోబోతున్నారు. బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే జెల్‌లో డబ్బు వేశామని ఈమెయిల్ చూపిస్తే నమ్మకండి, మీ బ్యాంకు యాప్‌లో జమ కనిపించాలి. ట్రైలర్ చూపించడం పగటిపూట, స్టోరేజ్ స్థలంలోనే, ఇంకొకరు తోడుండగా చేయండి.

టైటిల్ చేతికి వచ్చాక కొనుగోలుదారుతో కలిసి కౌంటీ పన్ను కార్యాలయానికి వెళ్లి బదిలీ చేయించండి. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల మధ్య విస్తరించి ఉంది కాబట్టి సంబంధిత కార్యాలయం ఏదో ముందే చూసుకోండి. టెక్సస్‌లో కొనేవారు 6.25 శాతం పన్ను కట్టాలి. అది తగ్గించుకోవడానికి, టైటిల్ బదిలీకి నింపే 130-యు ఫారంలో తక్కువ ధర రాయమని కొందరు అడుగుతారు. సంతకం మీది కూడా ఉంటుంది, ఒప్పుకోకండి. నంబర్ ప్లేటు తీసేసి, 30 రోజుల్లోపు మోటారు వాహనాల శాఖకు వాహన బదిలీ సమాచారం ఆన్‌లైన్‌లో పంపితే, ఆ తర్వాతి టోల్ బిల్లులు, జరిమానాలు మీ పేరున రాకుండా ఉంటాయి.

ఆదాయపు పన్ను విషయం చిన్నదే. సొంతానికి వాడుకున్న వస్తువు మీద నష్టం వచ్చినా దాన్ని పన్నులో చూపి తగ్గించుకోలేరు, లాభం రాలేదు కాబట్టి కట్టవలసినదీ లేదు. ఎప్పుడైనా అద్దెకు ఇచ్చి ఉంటే మాత్రం లెక్క వేరు, అప్పుడు సీపీఏను (లైసెన్సున్న అకౌంటెంటును) అడగండి. మంచం, వంటగది, మరుగుదొడ్డి ఉన్న ట్రైలర్‌ను రెండో ఇల్లుగా చూపి, దాని అప్పు వడ్డీని పన్ను పడే ఆదాయం నుంచి తగ్గించుకునే వీలుంది. మీరు ఐటమైజ్ చేస్తున్నవారైతే (మినహాయింపులను విడివిడిగా చూపేవారైతే) గత సంవత్సరాల్లో ఇది వాడుకున్నారో లేదో చూసుకోండి.

చివరగా, 2021లో అప్పుతో పాటు పొడిగించిన సర్వీస్ కాంట్రాక్టు, గ్యాప్ బీమా (వాహనం నాశనమైతే దాని విలువకూ బాకీకీ మధ్య తేడాను కట్టేది) మీ పత్రాల్లో ఉన్నాయేమో వెతకండి. చాలామంది అవి కొన్న సంగతే మరచిపోతారు. అప్పు ముందుగా తీరితే వాడని కాలానికి తగిన సొమ్ము సాధారణంగా తిరిగి వస్తుంది, కానీ రద్దు కోరుతూ మీరే లేఖ పంపాలి. అప్పు తీరినట్లు వచ్చే పత్రం నకలును ఆ లేఖకు జతచేసి, ట్రైలర్ బీమాను మాత్రం టైటిల్ బదిలీ పూర్తయిన మరుసటి రోజున రద్దు చేయించండి.