మానిటర్ డబ్బా మీది శాతాలు ఎట్ల చదవాలె

చిరంజీవి స్వప్నకు,

హన్మకొండల పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ మొదలుపెడుతున్నవని, పన్నెండు వేలల్ల మానిటర్ చూస్తున్నవని అమ్మ చెప్పింది. మంచి పని బిడ్డా. నీ పనికి అన్నిటికన్న ముందు రంగు సరిగ్గ ఉండాలె. డబ్బా మీద రంగు గురించి రాసేటి అంకెల్ల అబద్ధం తక్కువే గాని, చాలాసార్లు సగం మాటే చెప్పి ఊకుంటరు.

"16.7 మిలియన్ రంగులు" అన్న మాట పక్కకు పెట్టు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు, మూడూ గుణిస్తే వచ్చే లెక్క అది. రంగు ఎంత చిక్కగ వస్తదో దాంట్ల తెల్వదు.

శాతం కనబడంగనే దేంట్ల శాతమో చూడు. స్క్రీన్ ఎంత మేర రంగులు చూపియ్యాలెనో చెప్పే కొలతలు వేరువేరుగ ఉంటయి. ఎన్‌టీఎస్‌సీ అంటే 1953 నాటి అమెరికా కలర్ టీవీ కొలత. ఎస్‌ఆర్‌జీబీ 1996ల హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చింది. ఇంటర్‌నెట్ ఫొటోలకు అదే కొలత, ప్రింటింగ్ ల్యాబులు ఎక్కువగ అడిగేది గూడ అదే. రంగుల పటం (కంటికి కనబడే రంగులన్నిటిని పరిచి గీసిన బొమ్మ) మీద దాని విస్తీర్ణం ఎన్‌టీఎస్‌సీల 71 శాతం దగ్గర ఉంటది. అందుకే "72 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే తక్కువనుకోకు, అది దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అంటే మాత్రం ఎస్‌ఆర్‌జీబీల 63 శాతమే అయితది. ఎంత సస్తకొచ్చినా అది తీసుకోకు.

"125 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని రాస్తే ఇంకో సంగతి. కవరేజ్ అంటే ఆ కొలతల ఉన్న రంగుల్ల మానిటర్ చూపియ్యగలిగే భాగం, అది 100 దాటనే దాటదు. దాటిందంటే అది ఉత్త విస్తీర్ణం లెక్క. ఎరుపు దిక్కు బయటికి పొంగి, సయాన్ (ఆకుపచ్చ, నీలం కలిసిన రంగు) దిక్కు లోపల తక్కువపడ్డా మొత్తం మీద వందకు పైనే చూపియ్యచ్చు. ఏ పటం మీద కొలిచిండ్రన్నది గూడ ముఖ్యమే. డీసీఐ-పీ3 అనే సినిమా కొలత 1931 నాటి రంగుల పటం మీద ఎస్‌ఆర్‌జీబీకన్న 36 శాతం పెద్దగ, 1976 నాటి పటం మీద 26 శాతం పెద్దగ వస్తది. పటం పేరు రాయని శాతాలను ఒకదానితోని ఒకటి పోల్చకు. నీకు కావాల్సిన మాట "ఎస్‌ఆర్‌జీబీ కవరేజ్ 99 శాతం", ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగ మారని స్క్రీన్ రకం). అంతకన్న పెద్ద అంకెకు ఎక్కువ పైసలు పెట్టద్దు.

గామట్ అంటే మానిటర్ చూపియ్యగలిగే రంగుల మేర. పెద్ద గామట్ ఎందుకొద్దంటున్ననో చెప్త. ప్రొఫైల్ (మానిటర్ రంగులు ఎట్లుంటయో కంప్యూటర్‌కు చెప్పే ఫైల్) లేకుండ పెద్ద గామట్ మానిటర్ మీద మామూలు ఫొటో తెరిస్తే పెళ్లికూతురు ముఖం ఎర్రగ కొడ్తది. నువ్వు ఎరుపు తగ్గిస్తవు, ప్రింట్ పాలిపోయి వస్తది. చిన్న గామట్ అయితే ఉల్టా: పట్టుచీర వెలిసినట్టు కనబడి నువ్వు రంగు పెంచుతవు, ప్రింట్‌ల ఎరుపు ముద్దగట్టి జరీ గీతలు మాయమైతయి. తప్పక పెద్ద గామట్‌దే తీసుకోవాల్సి వస్తే మెనూల ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందా చూడు. కొన్నిట్ల ఆ మోడ్ పెట్టంగనే బ్రైట్‌నెస్ కదలకుండ లాక్ అయితది. రాత్రి గదిల కూర్చొని పనిచేసేటోళ్లకు అది నడవదు, కాబట్టి షాపులనే తిప్పి చూడు.

షాపుకు పెన్‌డ్రైవ్‌ల మూడు ఫైళ్లు పట్టుకపో. ఒకటి, నిండు ఎరుపు (255, 0, 0) తోని నింపిన బొమ్మ: నారింజ దిక్కు మొగ్గితే గామట్ చిన్నది. రెండోది, నలుపు నుంచి తెలుపుదాక సాఫీగ పోయే గ్రేడియంట్: పట్టీలు పట్టీలుగ విరిగితే మెట్లు తక్కువ. మూడోది బతుకమ్మ ఫొటో, దగ్గర నుంచి తీసింది. తంగేడు పసుపు, బంతి నారింజ, గులాబీ రంగు అద్దిన గునుగు ఒక్కచోటనే దొరుకుతయి. బంతిపువ్వు రేకల మధ్య గీతలు, గునుగు కంకుల మీది సన్న వెంట్రుకలు విడివిడిగ కనబడాలె. ఒకే రంగు ముద్ద అయితే ఆ మానిటర్‌ను వదిలేయి. అదే ఫొటోను నీ ఫోన్‌ల స్క్రీన్ మోడ్ "న్యాచురల్"కు మార్చి పక్కన పెట్టి చూడు. "వివిడ్"ల ఉన్న ఫోన్‌తోని పోల్చితే ఏ మానిటరూ మంచిగ కనబడది.

చూసేముందు షాపోళ్లను అడిగి వెలుగును వాటంతటవే మార్చే డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్ తీసేయించు. నలుపు బూడిదగ, అంతా వెలిసినట్టు కనబడితే తప్పు ప్యానెల్‌దే కాకపోవచ్చు. హెచ్‌డీఎంఐ కేబుల్ మీద కంప్యూటర్ లిమిటెడ్ రేంజ్, అంటే నలుపు తెలుపుల మధ్య మెట్లు కుదించిన టీవీ పద్ధతిల బొమ్మ పంపుతుండచ్చు. గ్రాఫిక్స్ సెట్టింగ్‌ల ఫుల్ రేంజ్ పెడితే చక్కబడ్తది. దీన్నే గామట్ లోపం అనుకొని మంచి మానిటర్‌ను వాపస్ ఇస్తరు చాలమంది.

బిల్లు మీద మోడల్ నంబర్ చివరి అక్షరాలతోని సహా రాయించుకో. చివర ఒక్క అక్షరం మారితే లోపలి ప్యానెలే వేరే ఉండచ్చు. మొదటి ఆల్బమ్ మొత్తం ఒక్కసారే పంపకు, ముందు ఒక్క షీట్ ప్రింట్ తీయించి పగటి వెలుతురుల స్క్రీన్ పక్కన పెట్టి చూసుకో. స్క్రీన్‌కన్న ప్రింట్ చీకటిగ వస్తే ముందు బ్రైట్‌నెస్ తగ్గించు, రంగుల జోలికి తర్వాత పోవచ్చు.

మీ మామయ్య