23వ జాన్ పోపుగారిని ‘మంచి పోపు’ అని ఎందుకు అంటారు?

కథోలిక క్రైస్తవుల పెద్దగా ఐదేళ్ళు కూడా పదవిలో లేని 23వ జాన్ పోపుగారిని ఇటలీ జనం ఇప్పటికీ ‘మంచి పోపు’ అని ఎందుకు తలుచుకుంటారని అడిగారు. ఆయన నవ్వుమొహం వల్ల అని చాలామంది రాస్తుంటారు. నాకు ఆ జవాబు చాలదు. ఆయన ఎదుటివాళ్ళను మాట్లాడనిచ్చారు, వాళ్ళు చెప్పింది విన్నారు. అందుకే ఆ పేరు వచ్చిందని నా నమ్మకం.

మాది కృష్ణా జిల్లా ఆర్.సి.ఎం. కుటుంబం, అంటే రోమన్ కథోలికులం. మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె వయసులో ఉన్నప్పుడు పూజ మొత్తం లాటిన్‌లోనే జరిగేది. ఫాదర్‌గారు పీఠం వైపు తిరిగి ప్రార్థనలు చెబుతుంటే వెనక ఆడవాళ్ళంతా జపమాల చెప్పుకునేవాళ్ళట. గంట మోగితే తల వంచడం, అంతే. తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. ప్రతి ఆదివారం విని విని, అక్షరం రాని ఆమె సువార్తలోని కథలు మాకు పొల్లుపోకుండా చెప్పేది. ఆ మార్పుకు దారి తీసింది, ప్రపంచంలోని కథోలిక బిషప్పులు రోములో కూడిన రెండవ వాటికన్ మహాసభ. ఆ సభను పిలిచింది 23వ జాన్‌గారు.

ఆయన అసలు పేరు ఆంజెలో జుసెప్పె రొంకల్లి. 1881లో బెర్గామో దగ్గర సొత్తో ఇల్ మొంతే అనే పల్లెలో, ఒకరి భూమిని పాలుకు చేసుకునే రైతుల పెద్ద కుటుంబంలో పుట్టారు. చదువు కోసం మిలాన్‌లో ఉన్నప్పుడు ఆ ఊరు వెళ్ళి చూశాను. ఆయన పుట్టిన ఇల్లు మామూలు రైతు ఇల్లే. దాన్ని చూసుకుంటున్నది పీమే అనే మిషనరీ సభ ఫాదర్లని అక్కడే తెలిసింది. మిలాన్ నుంచి బయల్దేరి 19వ శతాబ్దంలోనే హైదరాబాద్ ప్రాంతానికి, తర్వాత మా కృష్ణా వైపుకూ వచ్చి గుళ్ళు, బడులు కట్టింది ఆ సభవాళ్ళే. ఆ సంగతి విన్నాక నాకు అక్కడ పరాయితనం అనిపించలేదు.

పోపు కాకముందు ఆయన చాలా కాలం కథోలికులు తక్కువగా ఉండే చోట్ల గడిపారు. 1925 నుంచి బల్గేరియాలో, ఆ తర్వాత టర్కీ, గ్రీసుల్లో వాటికన్ ప్రతినిధిగా ఉన్నారు. ఆర్థడాక్స్ క్రైస్తవుల మధ్య, ముస్లిముల మధ్య దాదాపు ఇరవై ఏళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇస్తాంబుల్‌లో ఉండి, యూదులు పాలస్తీనా వెళ్ళడానికి కావలసిన పత్రాలు దౌత్య మార్గంలో హంగరీ చేరేలా సాయపడ్డారు. 1960లో అమెరికా నుంచి ఒక యూదుల బృందం తనను చూడడానికి వస్తే, ఆదికాండంలో యోసేపు తన అన్నలతో అన్న మాటతో పలకరించారు: ‘నేను మీ సహోదరుడైన యోసేపును.’ జుసెప్పె అంటే యోసేపే కదా. ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా ఇష్టమైన మాట ఇదే.

1958 అక్టోబరు 28న పోపుగా ఎన్నికయ్యేనాటికి ఆయనకు 76 ఏళ్ళు. పెద్దాయన, కొన్నాళ్ళు నెట్టుకొస్తారులే అనుకున్నవాళ్ళే ఎక్కువ. మూడు నెలలు తిరక్కుండానే, 1959 జనవరి 25న, మహాసభ పెడుతున్నానని ప్రకటించారు. అంతకుముందు క్రిస్మస్ మర్నాడు రోములోని రెజీనా చేలి జైలుకు వెళ్ళి, ‘మీరు నా దగ్గరికి రాలేరు, అందుకే నేనే వచ్చాను’ అని ఖైదీలతో చెప్పారు.

1962 అక్టోబరు 11న సభ మొదలైంది. రెండు వేలకు పైగా బిషప్పులు వచ్చారు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆయనకు లాటిన్ అంటే ప్రేమ. ఫాదర్లు కాబోయేవాళ్ళ చదువులో లాటిన్‌ను వదలకూడదని అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు కూడా. అయినా పూజ ఎవరి భాషలో వాళ్ళకు ఉండాలని బిషప్పులు సభలో వాదిస్తుంటే ఆపలేదు. దానికి దారి తెరిచిన తీర్మానం 1963 డిసెంబరులో, తర్వాత వచ్చిన ఆరవ పాల్ పోపుగారి చేతుల మీదుగా వెలువడింది. అప్పటికి 23వ జాన్‌గారు లేరు, కడుపు క్యాన్సర్‌తో జూన్ 3న పోయారు. తనకు నచ్చినదాన్ని అందరి నెత్తిన రుద్దగల అధికారం చేతిలో ఉండి కూడా సభను సభగా నడవనివ్వడం చిన్న విషయం కాదు. మా నాయనమ్మకు సువార్త అందిందంటే అందువల్లే.

2014లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను మరో పోపు రెండవ జాన్ పాల్‌గారితో పాటు పునీతుడిగా ప్రకటించారు. పునీతుడిగా ప్రకటించాలంటే ఆయన ప్రార్థన వల్ల జరిగిందని మామూలుగా అడిగే రెండో అద్భుతం లేకుండానే ప్రకటించారని కొందరు తప్పుపట్టారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు, మహాసభ కళ్ళ ముందే ఉంది.

ఆయన రాసినవాటిలో ఒక్కటే చదవాలంటే, 1963 ఏప్రిల్‌లో శాంతి గురించి రాసిన లేఖ ‘పాచెమ్ ఇన్ తెర్రిస్’ చదవండి. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య క్యూబా క్షిపణుల గొడవలో ప్రపంచం అణుయుద్ధం అంచుదాకా వెళ్ళొచ్చిన ఆరు నెలలకు రాశారు. ఆ లేఖను కథోలికులకే కాకుండా, మంచి మనసున్న మనుషులందరికీ అని సంబోధించారు. కాబట్టి మీరు ఏ మతంవారైనా మొహమాటం లేకుండా చదవచ్చు.